అదురుకి అడ్రస్ ఉంటుంది

(లిఫ్ట్ చేసిన, అంటే నేల నుంచి ఎత్తు పెంచిన, జీపుల్లాంటి బండ్లలో వచ్చే అదురు గురించి విజయవాడలో ఒక ఆదివారం పొద్దున జరిగిన ముచ్చట ఇది. మాట్లాడినాయన ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లేత్ నడిపిన టర్నర్. ఆరోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకున్న వాళ్ళకి వినపడుతోందా? ఆ చెట్టు కింద నిలబడ్డ బాబులూ, కొంచెం ముందుకి రండి. నేను తెచ్చిన సామాను చిన్నది, అక్కడికి కనపడదు.

ముందో మాట అడుగుతా. బండి లిఫ్ట్ చేయించిన వాళ్ళు చేతులెత్తండి. అబ్బో! దించకండి, దించకండి. లిఫ్ట్ అయ్యాక డెబ్భై, ఎనభై స్పీడులో బండి అదురుతున్న వాళ్ళు మాత్రం అలాగే ఉంచండి. చూశారా, దిగిన చేతులు ఎన్నో లేవు. ఇప్పుడు ఆ అదురు పోగొట్టడానికి పదివేలు పైన పెట్టి, ఇంకా అదురుతున్న వాళ్ళు... సరే సరే, దించేయండి. వీడియో తీస్తున్నారు, ఇంట్లో చూస్తే బాగోదు.

నేను ఇంజనీర్ని కాదండీ. లేత్ మనిషిని. నా దగ్గర కూడా ఒక జిప్సీ ఉంది, మిలిటరీ డిస్పోజల్ బండి. దానికి లిఫ్ట్ నేనే చేసుకున్నా, అదురు నేనే తెచ్చుకున్నా, దాన్ని పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో మూడున్నర నెలలు ఉత్తి పుణ్యానికి తిరిగా. ఆ తిరుగుడు మీకు తప్పించాలనే వచ్చా.

అదురు రాగానే మనమేం చేస్తాం? ఎవరో ఒకరు ‘షాఫ్ట్ బ్యాలెన్స్ పోయింది’ అంటాడు. షాఫ్ట్ అంటే ఇంజన్ తిప్పుడుని చక్రాల వైపు తీసుకెళ్ళే ఇనుప గొట్టం. చేయిస్తాం. పోదు. ఇంకొకడు ‘క్రాసులు పోయాయి’ అంటాడు, షాఫ్టు జాయింట్లలో ఉండే ప్లస్ గుర్తు సామాను. మారుస్తాం. పోదు. మూడోవాడు టైర్లంటాడు. ఇలా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, నిజమే. బండి మొత్తం మార్చేశాక పోక ఏం చేస్తుంది?

నేను చెప్పేది ఒకటే. అదురుకి అడ్రస్ ఉంటుంది. సెకనుకి ఎన్నిసార్లు అదురుతోందో లెక్క దొరికితే, బండిలో ఆ లెక్కన తిరిగే సామాను ఏదో చూసుకోవడమే. లెక్కకి డబ్బులు అక్కర్లేదు. అడ్రస్ దొరికాక పర్సు తీయండి.

ఇంకొకటి, మధ్యలో మర్చిపోతానని ముందే చెప్తున్నా. కంపెనీ ఇచ్చిన కొలతల్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగానే చెప్పింది. లిఫ్ట్ చేయించమని నేను చెప్పట్లేదు. చేయించుకుని వచ్చేశారు కాబట్టి మాట్లాడుతున్నా.

సరే, మొదటి పని. నవ్వకండి. బండి కడగండి. పైపైన కాదు, చక్రం లోపలి వైపు. మన నల్లరేగడి ఉంది చూశారూ, తడిగా ఉన్నప్పుడు రిమ్ము లోపల అంటుకుని, ఎండాక సిమెంటు అయిపోతుంది. వీల్ బ్యాలెన్సింగ్ కొట్టేవాడు పది, ఇరవై గ్రాముల సీసం ముక్కల కోసం మిషను తిప్పుతాడు. మీ రిమ్ములో ఒక వైపు పావుకిలో మట్టి గడ్డ ఉంటుంది. అది అదరక ఏం చేస్తుంది? చెయ్యి పెట్టి గోకండి. అలాగే షాఫ్ట్ ట్యూబు మీద కూడా. మట్టి గోకేటప్పుడే ట్యూబుకి రాయి తగిలిన సొట్ట ఉందేమో చేత్తో తడిమి చూడండి. సొట్ట పడ్డ షాఫ్టుకి ఎన్ని లెక్కలు చెప్పినా దండగ.

ఆఫ్‌రోడ్‌కి టైర్లలో గాలి తగ్గించి, వచ్చేటప్పుడు కొట్టించడం మర్చిపోయి, అదురుతోందని వచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఇక్కడే ఉన్నారు కూడా. పేర్లు చెప్పను.

రెండోది, రోడ్డు మీద పరీక్ష. ఖాళీ రోడ్డు, పక్కన ఒక మనిషి. స్పీడోమీటర్ని నమ్మొద్దు. పెద్ద టైర్లు వేశారు కదా, అది తక్కువ చూపిస్తుంది. ఫోన్లో జీపీఎస్ స్పీడు చూడమని పక్కనోడికి చెప్పండి. అదురు ఏ స్పీడులో మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది, రాసుకోమనండి. నోటితో చెప్పుకుంటే లాభం లేదు, ఇంటికొచ్చేసరికి అరవై ఎనభై అవుతుంది.

అదురు బాగా ఉన్న స్పీడులో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజన్ ఆపకూడదు సుమా! తాళం తిప్పితే స్టీరింగ్ లాక్ పడొచ్చు, బ్రేకు పెడలు కూడా రాయిలా గట్టిపడుతుంది. ఇంజన్ ఐడిల్లో ఉండాలి, బండి దానంతటది దొర్లాలి. అప్పుడు అదురు పోయిందా? అయితే ఇంజన్ మౌంటులు, క్లచ్ వైపు చూడండి. ఉందా? అయితే గేర్ బాక్సు వెనకాల తిరిగేదేదో అదురుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలేస్తే ఇంకోలా ఉందా? వెనక చక్రాల మధ్య గేర్ల డబ్బా ఉంటుంది చూశారూ, అదే హౌసింగు, షాఫ్టు వచ్చి కలిసేది దాని మూతి. అయితే ఆ మూతి కోణం మీదో, లోపల షాఫ్టు తిప్పే చిన్న గేరు, అదే పినియన్, దాని బేరింగ్ మీదో అనుమానం పెట్టుకోండి. తొక్కినప్పుడు కమాన్ కట్టలు, అంటే యాక్సిల్ (ఇరుసు) దగ్గర బండిని మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, మెలి తిరిగి హౌసింగు మూతి పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. కోణం మారినప్పుడల్లా అదురు మారుతోందంటే బండే మీకు చెప్తోందన్నమాట.

స్టీరింగ్ మాత్రమే కొట్టుకుంటోంది, గుంతలో పడగానే చేతుల్లోంచి లాగేసుకుంటోంది, ఆపేదాకా ఆగదు అంటే అది ఈరోజు ముచ్చట కాదు. అది ముందు యాక్సిల్, స్టీరింగ్ రోగం. దాన్ని పెట్టుకుని హైవే ఎక్కకండి.

ఇక లెక్క. అమ్మా, నువ్వు ఆ బోర్డు మీద రాస్తావా? చేతిరాత బాగుండే పిల్లలా ఉన్నావు.

టైరు మీద సుద్దముక్కతో ఒక గీత, దాని కింద నేల మీద ఒక గీత. బండిని చేత్తో నెట్టండి. టైరు గీత మళ్ళీ నేలకి తాకిన చోట ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపు పెట్టండి. నా బండికి 2 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. టైరు మీద రాసిన నంబరు నుంచి కూడా లెక్క కట్టొచ్చు గానీ, బరువు మీద టైరు కాస్త నొక్కుకుంటుంది కదా, నేల మీద కొలిచిందే మేలు.

80 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి ఎన్ని మీటర్లు? 80ని 3.6తో భాగించండి. 22.2. దాన్ని 2.2తో భాగిస్తే? పది. అంటే ఎనభైలో చక్రం సెకనుకి 10 సార్లు తిరుగుతోంది. టైరుదో, రిమ్ముదో, బ్రేకు డ్రమ్ముదో దోషమైతే అదురు సెకనుకి పది. సీటు కింద ‘దడ దడ దడ’ అని విడివిడిగా తెలిసేంత నెమ్మదిగా వస్తుంది అది.

షాఫ్టు ఎన్ని తిరుగుతుంది? అది హౌసింగులో పళ్ళ లెక్కని బట్టి. పుస్తకం లేకపోయినా పర్లేదు. న్యూట్రల్లో పెట్టి, నేల మీదున్న చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఒక్క చక్రం లేపండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఒకటి కాదు, రెండు. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి ఇది రెండు చుట్లు తిరిగితేగానీ హౌసింగు లోపల క్రౌన్ అనే పెద్ద గేరు ఒక చుట్టు తిరగదు. ఆ రెండు చుట్లకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకళ్ళు లెక్కపెట్టాలి. నాకు నాలుగుకి కాస్త తక్కువ వచ్చింది, 3.9. పదిని 3.9తో గుణిస్తే 39. ఎనభైలో నా షాఫ్టు సెకనుకి 39 సార్లు తిరుగుతోంది. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే అదురు 39లో రావాలి. సరేనా?

ఇప్పుడు మూడో అంకె రాయమ్మా. 39కి రెట్టింపు, 78. ఇదెక్కడిదో తెలుసా? షాఫ్టు చివర ఉండే జాయింటుది. జాయింటు కోణంలో తిరిగితే షాఫ్టు ఒక చుట్టుకి రెండుసార్లు అదురుతుంది. ఎందుకు రెండుసార్లు? అదే చూపిస్తా, అందుకే ఈ ముక్క తెచ్చా.

ఇది పాత జీపు షాఫ్టు ముక్క. మధ్యలో ఇదిగో క్రాసు, నాలుగు కాళ్ళు. ఈ చివరా ఆ చివరా సుద్దతో గీతలు పెట్టా. తమ్ముడూ, నువ్వు రా. నేను ఈ చివర బాగా వంచి పట్టుకుంటా, నువ్వు ఆ చివర సమానంగా, నెమ్మదిగా తిప్పు. తొందరేం లేదు. అందరూ నా చేతి దగ్గరున్న గీత చూడండి. వీడు సమానంగా తిప్పుతున్నాడా? తిప్పుతున్నాడు. నా గీత సమానంగా తిరుగుతోందా? చూడండి... పరిగెత్తింది, ఆగినట్టయింది, మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ ఆగింది. ఒక చుట్టుకి రెండు పరుగులు, రెండు ఆగుళ్ళు. కార్డనో అని ఇటలీ ఆయన పేరు మీద దీన్ని కార్డన్ జాయింటు అంటారు, ఇంగ్లండులో హుక్ అనే ఆయన పేరు పెట్టి పిలుస్తారు. మూడు, నాలుగు వందల ఏళ్ళ కిందటి సామాను. దాని గుణం మాత్రం ఇప్పటికీ ఇదే.

10 డిగ్రీల వంపులో ఈ పరుగూ ఆగుడూ అటు ఒకటిన్నర శాతం, ఇటు ఒకటిన్నర శాతం. అంతేనా అంటారా? 5 డిగ్రీల్లో అరశాతం కూడా లేదు. 20 డిగ్రీల్లో ఆరు శాతం దాటుతుంది. చూశారా, కోణం రెట్టింపైతే అదురు నాలుగింతలు. అందుకే ‘ఇంకో ఇంచే కదన్నా లేపింది’ అన్న మాట పనికిరాదు. ఆఖరి ఇంచే కొంప ముంచుతుంది.

మరి కంపెనీ వాడు రెండు జాయింట్లు ఎందుకు పెట్టాడు? మొదటిది పరిగెత్తించినప్పుడు రెండోది పట్టి ఉంచాలి. మొదటిది ఆపినప్పుడు రెండోది తోయాలి. ఒకడు పెట్టింది ఇంకొకడు తీసేయాలి. దానికి రెండు షరతులు. ఒకటి, పైన ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే తిప్పుడుని ముందు, వెనక షాఫ్టులకి పంచే డబ్బా, దాని దగ్గర కోణమూ కింద హౌసింగు దగ్గర కోణమూ సమానంగా ఉండాలి. రెండు, షాఫ్టుకి క్రాసుని పట్టుకునే చెవులు ఉంటాయి, ఆ చివర చెవులూ ఈ చివర చెవులూ ఒకే వరసలో ఉండాలి. ఈ రెండో షరతు గుర్తుపెట్టుకోండి, నా పరువు దాంట్లోనే పోయింది, చెప్తా.

ముందు కోణం. మన దగ్గర చవక లిఫ్ట్ అంటే ఏంటి? పొడుగు షాకిళ్ళు, అంటే కట్ట చివరని చాసిస్‌కి తగిలించే పట్టీలు. కమాన్ కట్ట వెనక చివర షాకిలు 50 మిల్లీమీటర్లు పొడుగుది వేస్తాం. బండి ఎంత లేస్తుంది? 50 అనుకుంటాం. లేవదు. కట్టకి ఒక చివరే కదా దిగింది, యాక్సిల్ మధ్యలో ఉంది కదా, లేచేది దాదాపు సగం, 25. కానీ కట్ట మాత్రం మొత్తం తిరుగుతుంది. మీటరు పొడుగు కట్టకి ఒక చివర 50 మిల్లీమీటర్లు దించితే దాదాపు 3 డిగ్రీలు. కట్ట తిరిగితే దాని మీద కూర్చున్న హౌసింగూ తిరుగుతుంది, మూతి పైకెత్తుతుంది. ఒక ఇంచు ఎత్తు కోసం మూడు డిగ్రీలు ఇచ్చేశాం. బేరం ఎలా ఉంది?

నా బండికి పైన 8 డిగ్రీలు, కింద 5 వచ్చింది. తేడా మూడే కదా అనుకున్నా. అలా తీసేయకూడదట. 8ని 8తో గుణిస్తే 64, 5ని 5తో గుణిస్తే 25. తేడా 39. దానికి వర్గమూలం ఆరు పైన. అంటే ఒక్కటే జాయింటు పెట్టుకుని 6 డిగ్రీల వంపులో షాఫ్టు తిప్పుతున్నట్టు లెక్క. ఇది మా అమ్మాయి చెప్పింది, ఇంజనీరింగ్ చదువుతోంది. ముప్ఫై ఏళ్ళు లేత్ తిప్పినా నాకు తెలియదు.

కొలవడం ఎలా? ఫోన్లో కోణం చూపించే యాప్ చాలు. బండి సమతలం మీద, చక్రాల మీద నిలబడి ఉండాలి. చాసిస్ కింద జాకీ పెట్టి లేపి కొలిచారనుకోండి, యాక్సిల్ వేలాడుతుంది, ఆ కొలత ఎందుకూ పనికిరాదు. ఈ తప్పు చాలామంది చేస్తారు. కింద దూరడానికి ఎత్తు చాలకపోతే నాలుగు చక్రాలూ ర్యాంపుల మీద ఎక్కించండి. ఫ్లాంజి అంటే షాఫ్టుని బిగించే బిళ్ళ. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి ముఖం మీద ఒకటి, షాఫ్ట్ ట్యూబు మీద ఒకటి, హౌసింగు ఫ్లాంజి ముఖం మీద ఒకటి, మూడు కొలతలు. ఫ్లాంజి ముఖం నిలువుగా ఉంటుంది, ట్యూబు పడుకుని ఉంటుంది. కాబట్టి ఫ్లాంజి కొలతలో 90 తీసేసి చూసుకోండి. ఫ్లాంజి మీద మట్టీ తుప్పూ గీకి పెట్టండి, రవ్వంత పొక్కు ఉన్నా ఒక డిగ్రీ తేడా చూపిస్తుంది.

కమాన్ కట్టల బండికి తొక్కినప్పుడు మూతి లేస్తుందని చెప్పా కదా. అందుకని నిలబడి ఉన్నప్పుడు సమానం కన్నా ఒకటి, రెండు డిగ్రీలు మూతి కిందకి ఉంటే మంచిది. తొక్కగానే సమానం అవుతుంది. పైన డబుల్ జాయింటు, అంటే పక్కపక్కనే రెండు క్రాసులు ఉన్న షాఫ్టు అయితే లెక్క వేరు, అక్కడ మూతి నేరుగా షాఫ్టు వైపు చూడాలి. రెండింటినీ కలిపేయకండి.

సరిచేయడానికి కట్టకీ హౌసింగుకీ మధ్య పెట్టే వాలు ప్లేట్లు, అదే షిమ్ములు. ఇనుపవి చేయించండి, అల్యూమినియం వద్దు, పగులుతాయి. కట్ట మధ్య బోల్టు కూడా ప్లేటు మందానికి తగ్గట్టు పొడుగుది మార్చాలి. లావు వైపు ముందుకా వెనక్కా? నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో సగం మంది తిరగేసి బిగించి ‘అన్నా, ఇంకా ఎక్కువైంది’ అని ఫోన్ చేస్తారు. అవుతుంది మరి, మూడు డిగ్రీలు ఆరయ్యాయి! కట్ట మీద హౌసింగు కూర్చున్న బండైతే మూతి దించడానికి లావు వైపు వెనక్కి. హౌసింగు మీద కట్ట కూర్చున్న బండైతే లావు వైపు ముందుకి. బుర్రలో తిప్పకండి. రెండు అట్టముక్కలు కోసి చేత్తో తిప్పి చూసుకోండి.

ఇక నా కథ. నేనేం చేశానంటే, షాకిళ్ళు వేశా, అదురు వచ్చింది. కోణం కొలిచానా? లేదు. క్రాసులు పోయాయనుకున్నా. షాఫ్టు దింపి, స్లిప్పు జాయింటు, అంటే షాఫ్టులో పళ్ళ మీద ముందుకీ వెనక్కీ జారే అతుకు, విడదీసి, కొత్త క్రాసులు కొట్టి, గ్రీజు పెట్టి, ఎక్కించా. అదురు ఇంకా పెరిగింది. టైర్లు బ్యాలెన్స్ చేయించా. షాఫ్టు బ్యాలెన్స్ చేయించా. అప్పటికి మూడు నెలలు. అప్పుడు కోణం కొలిచా, వాలు ప్లేట్లు చేసుకున్నా, పైన 8, కింద ఏడున్నరకి వచ్చింది. అదురు తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. ఎనభైలో నేల రేకు అంతా ‘గూ...’ అని మోగుతోంది. లిఫ్ట్ తీసేద్దాం అనుకున్నా.

అప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చింది. ఫైఫాక్స్ అని, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళది, డబ్బులేమీ లేవు. సెకనుకి ఎన్నిసార్లు అదురుతోందో గీత గీసి చూపిస్తుంది. ఫోను అటకమీద పెట్టినట్టు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, స్టాండులో అసలు పెట్టకండి, స్టాండు అదురే చూపిస్తుంది. సీటు పట్టాలు బిగించే చోట నేల రేకుకి టేపు వేసి అంటించండి. ఒక సంగతి, పాత ఫోన్లు కొన్ని సెకనుకి వందసార్లే కొలుస్తాయి. అవి 50 దాటిన అదురుని పట్టలేవు, పైగా తప్పు అంకె చూపిస్తాయి. నా ఫోను అలాంటిదే. అందుకని మైకుతో చప్పుడు కొలిచేది అందులోనే ఇంకొకటుంటే అది వాడా.

ఎనభైలో గీత ఎక్కడ లేచిందంటారు? 10 దగ్గర ఏం లేదు. 39 దగ్గర ఏం లేదు. 78 దగ్గర తాటిచెట్టులా నిలబడింది.

అంటే టైరు కాదు. బ్యాలెన్స్ కాదు. జాయింట్ల సంగతి. కోణాలు సరిచేశానే, ఇంకేం ఉంది? బండి కింద పడుకుని చాలాసేపు ఆ షాఫ్టునే చూశా. అలా చూస్తుంటే కనపడింది. ఆ చివర చెవులు గడియారంలో పన్నెండూ ఆరూ మీద ఉన్నాయి. ఈ చివర చెవులు ఒంటిగంటా ఏడూ మీద ఉన్నాయి. స్లిప్పు జాయింటు ఎక్కించేటప్పుడు పళ్ళు తప్పించి ఎక్కించా. ఎవరు? నేనే. విప్పేముందు సుద్ద గీత పెట్టలేదు. పక్కనే డబ్బా నిండా సుద్దముక్కలు ఉన్నాయి.

విప్పి, పళ్ళు సరిచేసి ఎక్కించడానికి అరగంట. ఖర్చు సున్నా. 78 గీత పడిపోయింది. కానీ 39 దగ్గర చిన్న మొటిమ లేచింది. ఎందుకో చెప్పండి? ఎవరన్నా? ...శభాష్! షాఫ్టుని తప్పు వరసలో ఉండగా బ్యాలెన్స్ చేయించా. వరస సరిచేసేసరికి ఆ బ్యాలెన్స్ కొంచెం తప్పింది.

దానికి మళ్ళీ డబ్బులు పెట్టలేదు. రబ్బరు పైపులకి వేసే స్క్రూ క్లిప్పులు ఉంటాయి కదా, హోస్ క్లిప్పులు. హౌసింగు వైపు ట్యూబుకి ఒకటి గట్టిగా బిగించా. స్క్రూ తలే బరువు. ట్యూబుని నాలుగు పావులుగా గుర్తు పెట్టుకుని, స్క్రూ ఒకటో గుర్తు మీద పెట్టి రోడ్డు మీదకి వెళ్ళా, చూశా. ఆపి, రెండో గుర్తుకి తిప్పి మళ్ళీ వెళ్ళా. మూడోది బాగుంది. అక్కడే అటూ ఇటూ ఒక వేలెడు జరిపి చూస్తే పోయింది. ఇంజన్ ఆపి, చక్రాలకి అడ్డం పెట్టాకే కింద దూరాలి. చక్రాలు లేపి, ఇంజన్ ఆన్ చేసి, తిరిగే షాఫ్టు పక్కన పడుకునే వాళ్ళని నేను చూశా. దయచేసి వద్దు బాబూ. క్లిప్పు ఎగిరినా చొక్కా చిక్కినా ఇంక చెప్పడానికేం ఉండదు. అన్నట్టు, క్లిప్పు 39ని పోగొడుతుంది గానీ 78ని కదిలించలేదు. అందుకే ముందు లెక్క.

చెవుల వరస గురించి ఒక్క మినహాయింపు. కొన్ని బండ్లకి కంపెనీయే కావాలని వరస తప్పించి పెడుతుంది. ల్యాండ్ రోవర్ ముందు షాఫ్టులు అలా వచ్చినవి ఉన్నాయి. కాబట్టి నా మాట విని ఊరికే సరిచేసేయకండి, విప్పేముందే గీత పెట్టుకోండి.

ఏ షాఫ్టో తేలకపోతే విప్పి చూడటమే. జిప్సీకి రెండు చివర్లా నాలుగేసి బోల్టులు, అంతే. ముందు షాఫ్టు దింపేసి టూ వీల్‌లో, అంటే వెనక చక్రాల మీదే, తిప్పండి. ముందు చక్రాల హబ్బులు ఎప్పుడూ లాక్ అయి ఉండే బండైతే టూ వీల్‌లో కూడా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది, దాని అదురుని వెనకదానిమీద నెట్టేస్తాం మనం. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల ఉంటుంది, వెనక షాఫ్టు దింపారంటే హ్యాండ్ బ్రేకు లేనట్టే. గేర్లో పెట్టినా ఆగదు. రాళ్ళు పెట్టకుండా దింపి, బండి తనంతట తాను వెళ్ళి కాలవలో దిగిన కథ ఆటోనగర్‌లో ఎవర్నడిగినా చెప్తారు.

షాఫ్టు చేతికొచ్చింది కదా, క్రాసుని నాలుగు వైపులా వంచి చూడండి. నూనె రాసినట్టు తిరగాలి. ఒక చోట పట్టినట్టున్నా, మెట్టు తగిలినట్టున్నా పోయినట్టే. లూజు లేదు కదా అని వదిలేయకండి, బిగుసుకున్న క్రాసు కూడా అదురుతుంది. క్రాసు కాళ్ళకి తొడిగిన కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు ఎండిపోయాయని. నీళ్ళలో దిగొచ్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టండి, నాలుగు కప్పుల్లోంచీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా. స్లిప్పు జాయింటు ఎంత లోపల ఉందో కూడా చూడండి. లిఫ్ట్ అయ్యాక షాఫ్టు సాగుతుంది, పళ్ళు చివర్న పట్టుకుని వేలాడుతుంటాయి, అప్పుడు ఊగుతుంది.

జిప్సీ వాళ్ళకి ఇంకొకటి. మన ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్సుకి అంటుకుని ఉండదు, విడిగా మూడు రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది, మధ్యలో చిన్న షాఫ్టు. హై రేంజిలో, అంటే మామూలు రోడ్డు మీద నడిపేదాంట్లో, కూడా ట్రాన్స్‌ఫర్ కేసు లోపల 1.4 రెట్లు తగ్గుతుంది, కాబట్టి ఆ చిన్న షాఫ్టు పెద్దదాని కన్నా అంత వేగంగా తిరుగుతుంది. 39ని 1.4తో గుణిస్తే 55. యాభై అయిదు దగ్గర గీత లేస్తే పెద్ద షాఫ్టుల జోలికి పోకండి, ఆ పొట్టిదాన్నీ మౌంటులనీ చూడండి. గుణపం పెట్టి కేసుని కాస్త లేపి చూస్తే రబ్బరు చీలింది లేనిదీ తెలిసిపోతుంది.

ఏంటి బాబూ? కొత్త థారా? 2020 తర్వాతదా? దానికి వెనక కమాన్ కట్టలు లేవు, కాయిల్ స్ప్రింగులూ లింకు రాడ్లూ. వాలు ప్లేట్లు కుదరవు, లింకు రాడ్డు పొడుగు మార్చి కోణం సరిచేయాలి. అది చవక పని కాదు, నిజం చెప్తున్నా. ముందు వైపు ఒక్కో చక్రానికి విడిగా హాఫ్ షాఫ్టులు కదా, లేపేకొద్దీ వాటి జాయింట్లు బాగా వంగుతాయి. తొక్కినప్పుడు మాత్రమే ముందు నుంచి అదురుతోందా? అవునా? అయితే ఆ జాయింట్ల మీది రబ్బరు బూట్లు, అదే తొడుగులు, చిరిగాయేమో చూశావా? చూడలేదు. మరి బండి ఎక్కడ పెట్టావు? గేటు దగ్గరేనా? పద, టీ తాగి వద్దాం. ఎవరి దగ్గరన్నా టార్చి ఉంటే తీసుకురండి.